అనుమతి లేకుండా ఆగిన కారు

మస్తాన్‌వలి నడిపే కారుకి బ్రేకు మూడోసారికి పడుతుంది. మొదటిసారి తొక్కితే పెడలు నేలకి తగిలి ఊరుకుంటుంది. రెండోసారి తొక్కితే బండి ఎవరో పిలిచారేమోనన్నట్టు కాస్త తల వంచుతుంది. మూడోసారికి కింద ఎక్కడో ఇనుము ఇనుముని గీకి, రోడ్డు మీద పడుకున్న బర్రె కూడా లేచి పక్కకి జరిగాక, అప్పుడు ఆగుతుంది. ఈ మూడు తొక్కుళ్లకీ మధ్య ఎంత దూరం పడుతుందో మస్తాన్‌వలికి కంఠతా వచ్చు కాబట్టి వేమగుంటలో ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు.

కారు మెట్టపంటల మండలి వారిది. తెల్ల సెడాను, వయసు పంతొమ్మిదేళ్లు. మండలి జిల్లా ఆఫీసు ఊరి చివర గుట్ట మీద ఉంది. గుట్ట మీద నుంచి చూస్తే మెట్టపంటలు బాగా కనపడతాయని వెనకటికి ఏ మహానుభావుడికి తోచిందో గానీ, అక్కడికి ఎక్కడానికి ఒకటే రోడ్డు, దిగడానికీ అదే. ఆ రోడ్డు తిన్నగా వచ్చి సంత జరిగే మైదానంలో పడుతుంది.

మస్తాన్‌వలి ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క కోడిపిల్లని తొక్కించలేదు. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఈ నాలుగేళ్లూ కూడా కోడిపిల్లలు క్షేమంగా ఉండాలనేది ఆయన కోరిక, తనూ క్షేమంగా ఉండాలనేది ఆయన భార్య ఖాసింబీ కోరిక. పోనీ బండి బాగాలేదని గట్టిగా చెప్పేద్దామా అంటే అక్కడో చిక్కుంది. ఆయన పోస్టు మనిషి మీద కాదు, బండి నంబరు మీద ఉంది. బండి పనికిరాదని రాసి కండెం చేసిన రోజున పోస్టు కూడా కండెం. అంటే బండి బతికున్నట్టే ఉండాలి, తనూ బతికుండాలి. ఈ రెంటికీ మధ్యనున్నది ఒకే ఒక్కటి, బ్రేకు.

మెకానిక్ దావీదు బండి కింద దూరి, టార్చి వేసి చూసి, వెల్లకిలా పడుకునే మాట్లాడాడు.

"అన్నా, నీ బండికి బ్రేకు ప్యాడ్లు లేవు. ప్యాడ్లు ఉండాల్సిన కాడ రేకులు ఉన్నయ్. పైన సిలిండర్లో వాషర్లు కూడా పోయినయ్. నువ్వు ఇన్నాళ్లూ ఏం పెట్టి ఆపుతున్నావో నాకు అర్థం కావట్లా."

"దువా పెట్టి ఆపుతున్నాలే. ఎంతసేపటి పనిరా?"

"ఒక పూట. బండి ఇప్పుడే వదిలిపో, మధ్యాన్నానికి ఇచ్చేస్తా."

"కాయితం గావాలి."

దావీదు కింద నుంచి తల బయటికి పెట్టి చూశాడు. "బ్రేకుకి కాయితం ఏందన్నా? తొక్కితే పడాల, అంతే గదా."

"నువ్వు ఎప్పుడూ గవర్నమెంటు బండి తోల్లా, అందుకని అట్టా మాట్లాడుతున్నావ్," అన్నాడు మస్తాన్‌వలి, దావీదు మీద కోపం లేకుండానే.

కాగితం సంగతి చూసేది సీనియర్ అసిస్టెంటు సౌభాగ్యం గారు. ఆమె చదవని కాగితం ఆ ఆఫీసులో లేదు, చదివి మర్చిపోయిన కాగితమూ లేదు. మస్తాన్‌వలి చెప్పిందంతా విని, కళ్లజోడు సర్దుకుని, పేపర్‌వెయిటు కింద నుంచి ఒక సర్క్యులర్ తీసింది.

"ఒక్కరోజు ముందొచ్చినా పనయ్యేది మస్తానూ. నిన్ననే వచ్చింది ఇది. ఇక మీదట మరమ్మతు అనే మాటే వాడగూడదు."

సర్క్యులర్ పైనుంచి వచ్చింది. అందులో ఇలా ఉంది: "ఉన్నతి సంవత్సరము సందర్భముగా తెలియజేయునది ఏమనగా, పదిహేను సంవత్సరములు దాటిన ఏ వస్తువునకును మరమ్మతు చేయరాదు. మరమ్మతు అనగా వస్తువును నిన్నటి స్థితికి తీసుకొనిపోవుట. మండలి రేపటి వైపు పయనించుచున్నది. కావున సదరు పాత వస్తువులన్నియు ఉన్నతీకరింపబడవలెను. అతిక్రమించినవారు శిక్షార్హులు."

సర్క్యులర్‌తో పాటు ఒక పుస్తకం కూడా పంపారు. దాని పేరు ‘పాత వాహనములు: తరచుగా అడుగు ప్రశ్నలు’. మొత్తం నలభై ఎనిమిది ప్రశ్నలు, వాటికి జవాబులు. వాహనం గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా ఈ నలభై ఎనిమిదిలోనే రావాలని చివరి పేజీలో రాశారు.

"బ్రేకు గురించి ఉందేమో చూడండమ్మా," అన్నాడు మస్తాన్‌వలి.

ఆమె వేలు పెట్టి వరసగా చదివింది. ఏడో ప్రశ్న: నా వాహనము పాతది, నేను సిగ్గుపడవలెనా? జవాబు: అక్కరలేదు. పన్నెండో ప్రశ్న: ఇంజను ఆయిలు ఎంతకాలమునకు మార్చవలెను? జవాబు: ఇది మరమ్మతు స్వభావము గల ప్రశ్న, ముప్ఫై ఒకటవ ప్రశ్న చూడుడు. ముప్ఫై ఒకటవ ప్రశ్న: వాహనములో ఎంత పెద్ద తెర అమర్చుకొనవచ్చును? జవాబు: ఎంత పెద్దదైనను.

నలభై ఎనిమిదీ అయిపోయాయి. బ్రేకు మాట ఎక్కడా లేదు.

"రాసినాయన బండి ఎప్పుడూ ఆగినట్టు లేదు," అంది సౌభాగ్యం గారు. "పోయి సార్‌ని అడుగు. నే చెప్పానని మాత్రం అనమాక."

సార్ అంటే డిప్యూటీ డైరెక్టర్ వాసుదేవమూర్తి. మంచివాడే. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, ఎవరి పనీ చేయడు. ఉన్నతి సంవత్సరం వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. జిల్లాలన్నిటికంటే ముందు తన జిల్లా ఉన్నతి చెందితే తను హెడ్డాఫీసుకి ఉన్నతి చెందవచ్చని ఆయన లెక్క.

"చూడు మస్తాన్," అన్నాడాయన, కుర్చీలో వెనక్కి వాలి. "బ్రేకు వల్ల వాహనం ఎంత ముందుకు వెళ్తుంది?"

"వెళ్లదు సార్. ఆగుద్ది."

"అదీ సంగతి. ఆగుట అనే ప్రక్రియ ఉన్నతి పరిధిలోకి ఎలా వస్తుంది? నువ్వే ఆలోచించు."

మస్తాన్‌వలి ఆలోచించాడు. ఆయనకి గుట్టా, సంతా, మూడో తొక్కూ తప్ప ఇంకేమీ తోచలేదు. "సార్, మీరు గూడా ఇదే బండ్లో తిరుగుతారు గదా," అన్నాడు మెల్లగా.

"అందుకే కదయ్యా, దాన్ని ఉన్నతీకరిస్తున్నాం."

వారం తిరక్కుండా వాహన ఉన్నతీకరణ ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షుడు వాసుదేవమూర్తి, కన్వీనరు సౌభాగ్యం గారు, బయటి నిపుణుడు వాసుదేవమూర్తి గారి బావమరిది. ఆయనకి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లకి అద్దం అతికించే కొట్టుంది కాబట్టి తెర గురించి ఆయనకంటే తెలిసినవాళ్లు వేమగుంటలో లేరు. ముప్ఫై ఒకటవ ప్రశ్న ఆధారంగా మొదటి ఉన్నతి తెర. ఇంట్లో గోడకి పెట్టుకునే టీవీకి తమ్ముడిలా ఉండే తెరని స్టీరింగు పక్కన బిగించారు. దాంతో ఎడమ పక్క అద్దం కనపడడం మానేసింది. తెరలో ఒకావిడ మాట్లాడుతుంది. ఎంతో మర్యాదస్తురాలు.

మొదటి రోజున గుట్ట దిగుతుంటే ఆవిడ అంది, "ముందు మలుపు ఉన్నది. దయచేసి వేగము తగ్గించండి."

"దానికేగా తల్లీ నేను తొక్కేది," అన్నాడు మస్తాన్‌వలి, తొక్కుతూ.

"దయచేసి వేగము తగ్గించండి," అంది ఆవిడ మళ్లీ.

ఆ తర్వాత వెనక్కి చూసే కెమెరా పెట్టారు. ముందుకి పోతున్నప్పుడు వెనక ఏముందో స్పష్టంగా కనపడేది. తర్వాత వెండిలా మెరిసే చక్రాలు వచ్చాయి. చక్రాలు కొత్తవి కావడంతో బండి తేలిగ్గా దొర్లసాగింది. తర్వాత డిక్కీ మీద ఒక రెక్క బిగించారు, వేగంగా పోయేటప్పుడు గాలికి బండి లేవకుండా ఉండడానికి. గుట్ట దిగేటప్పుడు ఆ రెక్క అవసరం పడుతుందేమోనని మస్తాన్‌వలికి కూడా ఒకసారి అనిపించింది.

ఇరవై రెండో ప్రశ్న గాలీ వెలుతురూ గురించి. దాని ప్రకారం పైకప్పుకి కంత పెట్టి అద్దం మూత బిగించాలి. షాపు షట్టర్లు చేసే ఆయన వచ్చి కప్పు కోశాడు. కోయడం ఒక్క ఉత్తర్వుతో అయిపోయింది, మూత తర్వాతి ఉత్తర్వులో వస్తుందన్నారు. ఈలోగా వానలు పట్టాయి. వాసుదేవమూర్తి గారు వెనక సీట్లో కూర్చుని, గొడుగు కంతలోంచి పైకి పెట్టి, విప్పి పట్టుకునేవారు. గుట్ట మీద నుంచి నల్లగొడుగు తొడుక్కున్న కారు దిగివస్తుంటే కింద సంతలో జనం అదేదో కొత్త పథకం అనుకుని లేచి నిలబడేవాళ్లు.

ఇవన్నీ కలిసి బండి బరువెక్కింది. బరువెక్కేకొద్దీ మూడో తొక్కు నాలుగోది అయింది, నాలుగోది ఐదోది అయింది. ప్రతి ఉన్నతి అయిన రోజునా మస్తాన్‌వలి వెళ్లి, బ్రేకు సంగతి కూడా కాస్త చూడమని అడిగేవాడు. ప్రతిసారీ వాసుదేవమూర్తి గారు ఎంతో ఓపిగ్గా, "ఇంత చేస్తున్నాం, ఇంకా తృప్తి లేదా మస్తాన్?" అనేవారు. ఆ మాటకి మస్తాన్‌వలికి ఒళ్లు మండేది. నాలుగేళ్లు గుర్తు తెచ్చుకుని నోరు మూసుకునేవాడు.

నోరు మూసుకుని, ఒక పని మాత్రం చేశాడు. అటెండరు పోలయ్యని బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. పోలయ్య ఒళ్లో గుట్ట మీద దొరికిన ఒక గరుకు రాయి. దిగాల్సిన చోటు వస్తోందనగా పోలయ్య తలుపు తీసి, పంచె ఎగదోపుకుని, దూకి, రాయిని ముందు చక్రం కింద పడేసేవాడు. బండి రాయిని కొట్టుకుని, ఒక్కసారి ఎగిరి, ఆగేది. లారీలవాళ్లు చేసేదే ఇది, కొత్తేమీ కాదు. యాభై మూడేళ్ల వయసులో ఇట్టా దూకటం తన డ్యూటీ చార్టులో లేదని పోలయ్య గొణిగేవాడు గానీ, దూకేవాడు.

ఒకనాడు వాసుదేవమూర్తి గారి కన్ను ఆ రాయి మీద పడింది.

"ఇదేమిటి?"

"రాయి సార్," అన్నాడు పోలయ్య.

"ఏ రిజిస్టరులో ఉంది?"

"గుట్ట మీద ఉండేది సార్."

ఆ సాయంత్రమే ఉపసంఘం కూర్చుంది. ప్రభుత్వ వాహనంలో ప్రభుత్వ పని చేస్తున్న రాయి రిజిస్టరులో లేకపోవడం తీవ్రమైన విషయమని తేలింది. ఎక్కిద్దామంటే దాని వయసెంత అనే ప్రశ్న వచ్చింది. కాలేజీలో రాళ్ల పాఠం చెప్పే మాస్టారికి ఉత్తరం రాస్తే, ఆయన ఈ గుట్టల వయసు కొన్ని వందల కోట్ల సంవత్సరాలు ఉండవచ్చునని జవాబు రాశాడు. సౌభాగ్యం గారు ఆ జవాబు మీద తన అభిప్రాయం రాసింది: "పదిహేను సంవత్సరములు దాటినట్లే భావించవచ్చును." ఆమె ఎగతాళికే రాసింది. ఎగతాళిని గుర్తుపట్టే గడి ఫైల్లో ఎక్కడా లేదు కాబట్టి అదే తీర్మానమైంది. రాయిని ఉన్నతీకరించాలి.

ఈ ప్రాంతంలో నల్ల గ్రానైటుకి కొదవ లేదు. అద్దంలా పాలిష్ పట్టించి, నాలుగు పక్కలా చెక్కించి, ఒక పక్క మండలి ముద్ర, ఇంకో పక్క ‘ఉన్నతే మా గమ్యం’ అని బంగారు రంగు అక్షరాలు వేయించారు. పోలయ్య దాన్ని మొదటిసారి ఒళ్లో పెట్టుకుని అందులో చూసుకుంటూ మీసం దువ్వుకున్నాడు. మొదటి ప్రయోగంలో, చక్రం కింద పడేయగానే, కొత్త రాయి సబ్బుబిళ్ల జారినట్టు రోడ్డు మీద జారుతూ బండికంటే ముందు వెళ్లిపోయింది. బండి ఆఫీసు చెత్తకుండీని గుద్దుకుని ఆగింది. చెత్తకుండీ కూడా పాతదే కాబట్టి నష్టం లేదని రాసుకున్నారు.

పాతరాయి ఎక్కడుందని మస్తాన్‌వలి అడిగితే, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశామన్నారు. రిజిస్టరులో ఎక్కింది కదా.

అదే వారంలో పైనుంచి కబురొచ్చింది. మండలి డైరెక్టర్ జలంధరరావు గారు స్వయంగా వేమగుంట వస్తున్నారు. రాష్ట్రంలో ఉన్నతి చెందిన మొట్టమొదటి పాత వాహనాన్ని ఆవిష్కరించి, మిగతా జిల్లాలకి ఆదర్శంగా ప్రకటిస్తారు. గుట్ట కింద మైదానంలో వేదిక. గుట్ట మీద నుంచి కారు దర్జాగా దిగివచ్చి వేదిక ముందు ఆగాలి. కుర్చీలు నిండాలి కాబట్టి పొదుపు సంఘాల ఆడవాళ్లని పిలిపించారు.

ఆదివారం పొద్దున ఖాసింబీ కొత్త చీర మడత విప్పుతూ భర్తతో చెప్పింది, "మా సంఘం వాళ్లని రేపు ముందు వరసలో కూర్చోమన్నారు. నువ్వు కారులో వస్తుంటే ఎదురుగా చూడొచ్చు."

మస్తాన్‌వలి ఎత్తిన ముద్దని కంచంలో పెట్టేశాడు. ఐదో తొక్కు ఎక్కడ పడుతుందో మనసులో లెక్కేశాడు. మైదానం మొదట్లో మొదటి తొక్కు, జెండా కర్ర దగ్గర మూడోది, వేదిక దగ్గర నాలుగోది. ముందు వరస నాలుగోదానికీ ఐదోదానికీ మధ్యన ఉంది. ఆయన కంచం నెట్టేసి లేచాడు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు. తన బండి కింద తన భార్య, ఊరి ఆడవాళ్లు పడిన తర్వాత ఉద్యోగం ఉండి ఏం చేసుకోవాలి? ఆ ఉపసంఘాన్నీ, ఆ పుస్తకాన్నీ, ఆ పుస్తకం రాసిన పుణ్యాత్ముణ్ణీ నోరారా తిట్టుకుంటూ బండిని తిన్నగా దావీదు షెడ్డుకి తోలాడు.

"కాయితం తెచ్చావా అన్నా?" అన్నాడు దావీదు.

"కాయితం లేదు, గీయితం లేదు. ఎయ్ రా ప్యాడ్లు."

దావీదు టార్చి తీసుకుని బండి కింద దూరాడు. మధ్యాహ్నానికల్లా ప్యాడ్లూ వాషర్లూ వేసేశాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, తన చెల్లెలు కూడా ముందు వరసలోనే కూర్చుంటుందన్నాడు.

సోమవారం పదిన్నరకి బ్యాండు మోగింది. వేదిక మీద డైరెక్టర్ గారు, పక్కన చేతులు కట్టుకుని వాసుదేవమూర్తి. కారు దండలేసుకుని గుట్ట మీద నుంచి కదిలింది. వెండి చక్రాలు మెరిశాయి, వెనక రెక్క మెరిసింది, లోపల ఆవిడ వేగం తగ్గించమని వేడుకుంది. పోలయ్య సమయానికి దూకి గ్రానైటు పలకని చక్రం కింద పడేశాడు. పలక మామూలుగానే జారి, జనం చూస్తుండగానే దూసుకుపోయి, వేదిక కింద దూరింది. బండి దాని వెనకే వస్తోంది. ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు. డైరెక్టర్ గారు కుర్చీ వెనక నిలబడ్డారు.

మస్తాన్‌వలి ఒక్కసారి తొక్కాడు. బండి ఆగిపోయింది, ఖాసింబీ మోకాళ్లకి రెండు బారల దూరంలో.

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఖాసింబీ మాత్రం చప్పట్లు కొట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భర్త వంకే చూస్తూ కూర్చుంది. ఆయన స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అట్లాగే ఉన్నాడు.

చిక్కంతా భోజనాలయ్యాక వచ్చింది. డైరెక్టర్ గారు సంతోషంగా తాంబూలం వేసుకుంటూ అడిగారు, "వాహనం అద్భుతంగా నిలిచింది. ఏ ఉన్నతి వల్ల నిలిచిందో నివేదికలో రాయండి. రాష్ట్రమంతా అమలు చేద్దాం."

వాసుదేవమూర్తి గారు గ్రానైటు పలక అనబోయారు. పలక వేదిక కింద దొరికింది. తెర అనుకుంటే, ఆవిడ ఆగమని చెప్పినమాట నిజమే గానీ, ఆవిడ రోజూ చెబుతూనే ఉంది. కంత వల్ల ఆగిందనడానికి బయటి నిపుణుడికి కూడా నోరు రాలేదు. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే చివరికి ఏమీ మిగల్లేదు. మస్తాన్‌వలిని పిలిచారు.

"ఎలా ఆగిందయ్యా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఏ అబద్ధం చెబితే దాన్ని రాష్ట్రంలోని బళ్లన్నిటికీ బిగిస్తారని ఆయనకి తెలుసు. ఆ బళ్లలోనూ డ్రైవర్లుంటారు.

"బ్రేకు సార్. ఆదివారం ప్యాడ్లు ఏయించా."

డైరెక్టర్ గారి ముఖం మీద నవ్వు మెల్లగా ఇంకిపోయింది. "అంటే మరమ్మతు," అన్నారు.

అరగంటలో మెమో తయారైంది: "తమరు నడుపుచున్న వాహనము, సంబంధిత అధికారి అనుమతి లేకుండ, అకస్మాత్తుగా, మొదటి తొక్కునకే ఆగినట్లు తెలియవచ్చినది. ఇట్లు ఆగుట ఉన్నతి సంవత్సరపు స్ఫూర్తికి విరుద్ధము. తక్షణము సదరు ప్యాడ్లను తొలగించి, వాహనమును యథాపూర్వ స్థితికి తేవలెను. కానియెడల తమరు సస్పెండు చేయబడి, వాహనము కండెం చేయబడును."

సౌభాగ్యం గారు దాన్ని చదివి వినిపించింది. మస్తాన్‌వలి చేతులు కట్టుకుని విన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయనకి ఇదే మొదటి మెమో, అదీ బండిని ఆపినందుకు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో అవమానమో ఆయనకే తెలియలేదు.

"అట్టాగే సార్, తీసేస్తా," అన్నాడు. "తక్షణం అన్నారు గదా. ఇప్పుడే పోయి తీసేసొస్తా. మీ రైలు ఆరున్నరకి. స్టేషనుకి పోవాలంటే ఘాటు దిగాల. పదకొండు మలుపులు. మీ బండి హెడ్డాఫీసులో ఉన్నతికి ఇచ్చారంట, మిమ్మల్ని దీంట్లోనే దింపమన్నారు. తీసేసి వచ్చే దాకా మీరు కాఫీ తాగండి సార్."

ఆయన వెటకారంగా అనలేదు. ఉన్నమాటే అన్నాడు. జలంధరరావు గారు వాసుదేవమూర్తి వంక చూశారు, వాసుదేవమూర్తి గోడ గడియారం వంక చూశారు. డైరెక్టర్ గారు, "ఆ కాగితం ఇలా ఇవ్వండమ్మా," అన్నారు. పచ్చ సిరా పెన్ను తీసి, ‘తక్షణము’ అన్న మాట కొట్టేసి, పైన రాశారు: "డైరెక్టరు వాహనము నుండి దిగిన తదుపరి అమలు." కింద సంతకం పెట్టి, తేదీ వేసి, ముద్ర కూడా వేయించారు.

సౌభాగ్యం గారు ఆ అక్షరాలని రెండుసార్లు చదువుకుంది. తర్వాత కారు లాగ్‌బుక్కు తెచ్చి డైరెక్టర్ గారి ముందు పెట్టింది. బండి ఎక్కే అధికారి ఎక్కిన వేళ రాసి సంతకం పెట్టాలి, దిగాక దిగిన వేళ రాసి మళ్లీ పెట్టాలి. "ఎక్కినట్టు ఇక్కడే పెట్టేయండి సార్, మళ్లీ హడావుడి అవుతుంది," అంది. ఆయన పెట్టారు.

ఘాటులో మూడో మలుపు దగ్గర వెనక సీట్లోంచి డైరెక్టర్ గారు ముందుకి వంగారు. "ఏమయ్యా, పడుతున్నాయా?"

"పడుతున్నయ్ సార్."

"ఒకసారి తొక్కి చూపించు."

మస్తాన్‌వలి తొక్కి చూపించాడు. ఆయన ఊపిరి వదిలారు. తర్వాతి మలుపులో మళ్లీ చూపించమన్నారు. స్టేషను చేరేలోగా ప్రతి మలుపులోనూ చూపించమన్నారు. ఆ మనిషి మీద మస్తాన్‌వలికి కోపం రావాల్సింది పోయి జాలేసింది.

స్టేషన్లో రైలు కూత పెడుతోంది. డైరెక్టర్ గారు తలుపు తీసుకుని పరిగెత్తారు. మస్తాన్‌వలి అలవాటుకొద్దీ లాగ్‌బుక్కూ పెన్నూ పట్టుకుని వెనక పరిగెత్తాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అధికారుల వెనక సంతకానికి పరిగెత్తుతూనే ఉన్నాడు, పెళ్లిళ్లలో, ఆస్పత్రుల్లో, ఒకసారి స్మశానంలో కూడా. డైరెక్టర్ గారు రైలుపెట్టె గుమ్మంలో నిలబడి పుస్తకం కోసం చెయ్యి చాపారు. రైలు కదిలింది. నాలుగడుగులు వేస్తే అందుతుంది.

మస్తాన్‌వలి నిలబడిపోయాడు. పుస్తకం చంకలో పెట్టుకుని, చెయ్యెత్తి సలాం పెట్టాడు.

మర్నాడు వాసుదేవమూర్తి గారు రాగానే అడిగారు, "ప్యాడ్లు తీశావా?"

"డైరెక్టర్ గారు ఇంకా దిగలేదండీ," అంది సౌభాగ్యం గారు, లాగ్‌బుక్కు తెరిచి.

"దిగకపోవడమేమిటి? రాత్రి ఆయన ఇంటికి చేరారు. నాతో ఫోన్లో మాట్లాడారు."

"ఆ సంగతి వాళ్లింట్లో ఉంటుందేమోనండీ. మన దగ్గర ఎక్కినట్టే ఉంది."

వాసుదేవమూర్తి గారు పుస్తకంలో చూశారు. ఎక్కిన గడిలో పచ్చ సిరా. దిగిన గడి ఖాళీ. పుస్తకాన్ని హెడ్డాఫీసుకి పంపుదామంటే, రిజిస్టర్లు ఆఫీసు దాటరాదని రూలు. ఆయన్నే వచ్చి సంతకం పెట్టమందామంటే, దిగినట్టు పెట్టాలంటే ముందు బండి ఎక్కాలి, ఎక్కుదామంటే రికార్డు ప్రకారం ఆయన ఎక్కే ఉన్నారు. ఈ విషయం మీద పైకి ఒక లేఖ రాశారు. ఇది నలభై ఎనిమిది ప్రశ్నలలో లేదని జవాబు వచ్చింది.

ఇది జరిగి మూడేళ్లు దాటింది. ఉన్నతి సంవత్సరం పోయి ఇంకేదో సంవత్సరం వచ్చింది. జలంధరరావు గారు వేరే శాఖకి మారారు, వాసుదేవమూర్తి గారికీ ఎటో బదిలీ అయింది. కప్పు మీద మూత ఇంకా రాలేదు. మొన్న కొత్త డిప్యూటీ డైరెక్టర్‌గా ఒకావిడ వచ్చింది. మొదటి రోజు క్యాంపుకి బయల్దేరుతూ వెనక తలుపు మీద చెయ్యి వేయబోయింది. మస్తాన్‌వలి గబగబా వచ్చి ముందు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ముందు కూర్చోండి మేడం," అన్నాడు. "వెనకాల డైరెక్టర్ గారున్నారు."